దుప్పటికి గుర్తింపుంది, బడికి?

సోలాపూర్ దుప్పటికి భౌగోళిక గుర్తింపు ఉంది. వేరే ఊళ్లో నేసి దానికి సోలాపూర్ చీటీ కుడితే కోర్టుకు లాగొచ్చు. చాదర్‌కు ఇంత భద్రత కల్పించిన దేశంలో, ఆ చాదర్ నేసినవాళ్ల మునిమనవలకు తెలుగులో అక్షరాలు దిద్దించే పంతులమ్మ దొరకడం గగనమైంది. దీన్ని ఎవరి వైఫల్యంగానూ చూడొద్దని ముందే మనవి చేస్తున్నాను. ఇది విజయం. ఎంతోమంది పెద్దలు చేయీచేయీ కలిపి, ఒక్క తెలుగు బడి మీద కూడా రాయి వెయ్యకుండా, ఒక్క నినాదమైనా చెయ్యకుండా, పూలదండల మధ్య సాధించిన విజయం. ఇంతటివారిని సన్మానించకపోతే మనం తెలుగువాళ్లమే కాదు. శాలువాల ఖర్చు గురించి బెంగ లేదు, ఊళ్లో చాదర్లకు కొదవ లేదు.

సభాస్థలి విడీ ఘర్కుల్. హైదరాబాద్ రోడ్డు మీద ఊరి తూర్పు కొసన ఉన్న బీడీ కార్మికుల కాలనీ ఇది. 1870ల్లో ఇక్కడ బట్టల మిల్లు లేచినప్పటి నుంచీ కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు పల్లెల పద్మశాలీలు మూటాముల్లె కట్టుకుని సోలాపూర్ దారి పట్టారు. మగవాళ్లు మగ్గం మీద, ఆడవాళ్లు బీడీ చాట ముందు. మిల్లులు పోయాయి, మరమగ్గాలు తగ్గాయి, చాట మాత్రం ఒళ్లోంచి దిగలేదు. ఇప్పటికీ ఏ గల్లీలోకి వెళ్లినా గడపలో ఓ అక్క కూర్చుని తునికాకు కత్తిరిస్తూ, పొగాకు పోసి చుడుతూ, దారం కడుతూ, పక్కింటామెతో తెలంగాణ తెలుగులో మరాఠీ కలిపి మాట్లాడుతూ కనిపిస్తుంది. "నా పోరడు శాళకు పోనంటుండు, బాయి మాట సమజ్ కాదంటడు" (శాళ అంటే బడి, బాయి అంటే పంతులమ్మ) అంటే ఈ ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది, పిల్లవాడి బాధ ఒక్కటి తప్ప.

మొదటి చాదర్ 1949లో ఢిల్లీలో కూర్చున్న పెద్దలకు. రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఓ సూత్రం తేల్చారు: బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది అల్పసంఖ్యాక భాష పిల్లలుంటే వాళ్లకు మాతృభాషలో చెప్పే టీచరును వెయ్యాలి. ఎంత ముచ్చటైన సూత్రం! 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350-ఎ అధికరణం కూడా వచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలి. మన రాజ్యాంగకర్తల వారసులు మర్యాదస్థులు, ఎవరినీ నిర్బంధించరు. ప్రయత్నించమన్నారు, అంతే. సోలాపూర్ ప్రయత్నిస్తూనే ఉంది.

ఈ పది మంది లెక్క ఎంత చక్కటి యంత్రమో గమనించండి. తెలుగు టీచరు రిటైరవుతుంది. ఆ జాగాలో కొత్త మనిషి రావాలంటే పిల్లల సంఖ్య చూపించాలి. టీచరు లేని బడికి పిల్లలు రారు. పిల్లలు రాకపోతే సంచ్ మాన్యతలో, అంటే పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు మంజూరు చేసే లెక్కలో, పోస్టు ఎగిరిపోతుంది. పోస్టు లేదు గనక వచ్చే ఏడు ఆ ఉన్న నలుగురూ వెళ్లిపోతారు. అప్పుడు అధికారి వచ్చి, రిజిస్టరు తిరగేసి, నిజంగానే బాధపడుతూ, "చూశారా, మీవాళ్లకే తెలుగు అక్కర్లేదు" అంటాడు. ఎక్కడా అబద్ధం లేదు. ప్రతి కాగితం మీదా సంతకం సరిగ్గా ఉంది. బడిని మూసేయమని ఉత్తర్వు ఇస్తే జనం రోడ్డెక్కుతారు, పత్రికలు రాస్తాయి. ఒక మనిషి రిటైరైతే ఎవరు రోడ్డెక్కుతారు? బస్సులోంచి డ్రైవర్ను దింపేసి, ప్రయాణికులు ఎక్కడం లేదని డిపో లెక్క రాసినట్టుంది.

2023లో మహారాష్ట్ర ప్రభుత్వం 20 మంది కన్నా తక్కువ పిల్లలున్న బడుల చిట్టా తీసి, వాటిని కలిపి సమూహ శాళలు చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించింది. పది మంది ఉంటే చాలునన్న 1949 నాటి పెద్దలు, ఇరవై మంది లేకపోతే దండగన్న 2023 నాటి పెద్దలు ఒకే వేదిక మీద కూర్చుంటే చూడాలని నాకెంతో కోరిక. ఇద్దరికీ చెరో చాదర్. విద్యాహక్కు చట్టమేమో 60 మంది వరకూ ఇద్దరు టీచర్లంటుంది, బోధన వీలైనంత వరకు మాతృభాషలో ఉండాలంటుంది. ఆ వీలు ఎప్పుడొస్తుందో చట్టంలో లేదు.

ఇక అల్పసంఖ్యాక భాషల కమిషనర్ గారు. 350-బి అధికరణం ప్రకారం 1957లో ఆ కార్యాలయం తెరిచారు. వారు రాష్ట్రాలకు ప్రశ్నావళి పంపుతారు. రాష్ట్రాలు జవాబు పంపుతాయి, లేదా పంపవు. పంపితే పంపారని, పంపకపోతే పంపలేదని కమిషనర్ గారు నివేదికలో రాస్తారు. అది రాష్ట్రపతికి, అక్కణ్నుంచి పార్లమెంటుకు వెళుతుంది. ఒక్క టీచర్నయినా వేసే అధికారం వారికి లేదు. చాదర్ పోస్టులో పంపిద్దాం.

పుస్తకాలు లేవా అంటారేమో. రాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి 1967లో పుట్టింది, ఎన్నో మాధ్యమాలతో పాటు తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు అచ్చువేస్తోంది. పదో తరగతి బోర్డు పరీక్ష తెలుగులో రాయొచ్చు. సోలాపూర్ నగరపాలికకు మరాఠీ, ఉర్దూ, కన్నడం, తెలుగు మాధ్యమాల బడులున్నాయి. అంటే వంటిల్లు ఉంది, గిన్నెలున్నాయి, బియ్యం మూట కూడా ఉంది. వండే మనిషిని పెట్టడమే మరిచారు. ఇంత సరంజామా ఉన్నప్పుడు ఎవరైనా లెక్కలడిగితే సరంజామా చూపించవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు.

ముంబయి నాయకులను మరిచిపోతే పాపం. 2025 ఏప్రిల్‌లో ఒకటో తరగతి నుంచే మూడో భాషగా హిందీ అని ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. రాష్ట్రం భగ్గుమంది. జూన్ 17న సవరించారు: హిందీ వద్దని వేరే భారతీయ భాష కావాలంటే తరగతిలో 20 మంది ఉండాలన్నారు. జూన్ 29న మొత్తం వెనక్కి తీసుకున్నారు. జూలై 5న ఠాక్రే సోదరులిద్దరూ ఇరవై ఏళ్ల ఎడబాటు పక్కనబెట్టి వర్లీలో ఒకే వేదిక ఎక్కారు. పసిపిల్లల నెత్తిన తెలియని భాష రుద్దొద్దు, చిన్నప్పుడు చదువు మాతృభాషలోనే సాగాలి అన్న మాట ఆ నెలలంతా ఊరూరా వినిపించింది. నేను కూడా చప్పట్లు కొట్టాను. న్యాయమైన మాట. అందులో ఒక్క అక్షరం మార్చకుండా విడీ ఘర్కుల్ గోడ మీద రాసి పెట్టొచ్చు. అక్కడ ఆరేళ్ల తెలుగు పిల్ల మొదటి రోజే మరాఠీలోనో ఇంగ్లీషులోనో గుడ్లప్పగించి కూర్చుంటుంది. ఆ పిల్ల కోసం మాత్రం ఏ ఇద్దరు అన్నదమ్ములూ కలవలేదు.

ఇక్కడో మాట స్పష్టం చేయాలి. మహారాష్ట్రలో పుట్టిన పిల్లకు మరాఠీ రావాలి, బాగా రావాలి. 2020లో అన్ని బడుల్లో మరాఠీ తప్పనిసరి చేస్తూ చట్టం చేశారు, దాన్ని తప్పుపట్టే తెలుగువాడు నాకు సోలాపూర్‌లో కనిపించలేదు. వీళ్ల గొడవ మరాఠీ మీద కాదు. అక్షరం మొదట పరిచయమయ్యేది ఏ భాషలో అన్నదే గొడవ. మొదటి పాఠానికి మాతృభాషే మేలని యునెస్కో నిపుణులు 1953లోనే చెప్పారు. తెలిసిన మాటకు తెలియని గుర్తు నేర్చుకోవడం ఒక పని. తెలియని మాటకు తెలియని గుర్తు నేర్చుకోవడం రెండు పనులు. బీడీ చుట్టే అమ్మకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు, వెయ్యి బీడీలకు కూలి ఇస్తూ రెండు వేలు చుట్టమంటే ఆమె ఊరుకోదు.

సరిహద్దు తగాదా లేకపోవడం కూడా తెలుగు చేసుకున్న పాపమే. అక్కల్‌కోట్, జత్ తాలూకాల మీద కర్ణాటకకు కన్నుంది. అందుకని 2022 నవంబరులో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బొమ్మై గారు మహారాష్ట్రలోని కన్నడ బడులకు ప్రత్యేక గ్రాంటు ఇస్తామన్నారు. బెళగావి మీద మహారాష్ట్రకు కన్నుంది, 2004 నుంచి సుప్రీంకోర్టులో దావా నడుస్తోంది. అందుకని బెళగావి మరాఠీ పిల్లవాడికి ముంబయిలో కన్నీళ్లు కారతాయి. సోలాపూర్‌ను మాకిచ్చేయండని హైదరాబాద్ ఎన్నడూ అడగలేదు, అమరావతి అసలే అడగదు. భూమి మీద ఆశ లేనిచోట భాష మీద ప్రేమ పుట్టదు కాబోలు. సోలాపూర్ పద్మశాలీలు ఓ చిన్న సరిహద్దు తగాదా సంపాదించుకుంటే మూడు నెలల్లో పది మంది టీచర్లు దిగుతారని నా గట్టి నమ్మకం.

తెలుగు నాయకులకు సోలాపూర్ గుర్తుకురాదని మాత్రం ఎవరూ అనొద్దు. 2023 జూన్‌లో కేసీఆర్ గారు వందలాది కార్లతో హైదరాబాద్ నుంచి బయలుదేరి సోలాపూర్‌లో బస చేసి, పండరిపురం విఠోబాను, తుల్జాపూర్ భవానీని దర్శించుకున్నారు. 2024 నవంబరు అసెంబ్లీ ఎన్నికలకు పవన్ కల్యాణ్ గారు వచ్చి రోడ్డు షో చేశారు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పూర్వ భాగ్ వీధులు కిక్కిరిశాయి, మేడల మీద నుంచి పూలు కురిశాయి, సెల్‌ఫోన్లు పైకి లేచాయి. వచ్చినవాళ్లంతా "మన తెలుగువాళ్లు" అన్నారు. ఆ పూట అందరం తెలుగువాళ్లమే అయ్యాం. కార్లు వెళ్లిపోయాక మళ్లీ మహారాష్ట్ర ఓటర్లమయ్యాం. ఆ వందల కార్లలో ఒక్కటి దారి తప్పి ఏదైనా తెలుగు శాళ ముందు ఆగి ఉంటే పెట్రోలు దండగయ్యేది, అదృష్టం.

ఒకవేళ ఆగితే మాత్రం ఏం చెప్పగలరు? "తాను దూర సందు లేదు, మెడకో డోలు" అని సామెత. ఆంధ్రప్రదేశ్ 2019లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి జీవో 81 ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, దాని మీద సుప్రీంకోర్టుకు కూడా వెళ్లింది. తెలంగాణ 2018లో తెలుగు తప్పనిసరి అని చట్టం చేసింది, 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తెచ్చింది. పుట్టింట్లోనే తెలుగు మాధ్యమానికి చాప చుట్టేస్తుంటే, అత్తవారింట ఉన్న ఆడబిడ్డకు ఏ మొహంతో సారె పంపుతారు? 1975లో హైదరాబాద్‌లో, 2012లో తిరుపతిలో, 2017లో మళ్లీ హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపారు. అమెరికా నుంచి, మారిషస్ నుంచి, మలేషియా నుంచి ప్రతినిధులు విమానాలు దిగారు. సోలాపూర్ నుంచి హైదరాబాద్‌కు రాత్రి బస్సుంది, తెల్లారేసరికి దిగొచ్చు. విమానం దిగినవాడికున్న తళుకు బస్సు దిగినవాడికి ఉండదు, అది ప్రకృతి.

ఇప్పుడు మన ఇంటి పెద్దలు. సోలాపూర్ లోక్‌సభ స్థానాన్ని 1980, 1984లో గంగాధర్ కూచన్, 1989, 1991లో ధర్మణ్ణ సాదుల్ గెలిచారు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఆడం మాస్టర్ మూడుసార్లు ఎమ్మెల్యే. మరాఠీ గడ్డ మీద ఇంత పలుకుబడి ఊరికే రాలేదు, గర్వపడాల్సిందే. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం ఊరేగుతుంటే చూడాలి, ఊరంతా కదులుతుంది. ఆ రథం ముందు ఆడే కుర్రాళ్ల చొక్కాల మీద రాతలు మరాఠీలో ఉంటాయి, దుకాణం బోర్డు మరాఠీలో, పెళ్లి పత్రిక మరాఠీలో. తెలుగు మంగళహారతుల దాకే ఉంది. సంఘాల పెద్దలు భాషాభిమానం గురించి మాట్లాడమంటే తెల్లవార్లూ మాట్లాడగలరు. మాట్లాడి ఇంటికి వెళ్లి మనవణ్ని ఇంగ్లీషు బడి వ్యాను ఎక్కిస్తారు. వాళ్లను తప్పుపట్టను, మనవడి మీద ప్రేమ ఎవరికి ఉండదు? కానీ తమ మనవడు ఎక్కని బడి గొప్పదనాన్ని బీడీ అక్క కొడుక్కి ఉపదేశించడం ఆపితే బాగుంటుంది. ఈ పెద్దలకు చాదర్ వద్దు, ఇంట్లో పేర్చి ఉన్నవే చాలు.

ఎవరినీ ఏమీ అనలేక చివరికి అందరూ నింద మోపేది ఆ అక్క మీదే. "తల్లిదండ్రులకే తెలుగు బడి వద్దండీ!" నిజమే, వద్దు. ఆమె లెక్క ఆమెకుంది. తెలుగులో పదో తరగతి దాకా నెట్టుకొచ్చినా ఆపైన సోలాపూర్‌లో ఏముంది? ఏ కాలేజీలో ఏ లెక్చరరు తెలుగులో చెబుతాడు? సర్కారు కొలువుకు మరాఠీ కావాలి, కంపెనీ కొలువుకు ఇంగ్లీషు కావాలి. ఈ రెండూ గట్టిగా నేర్పుతూ మొదటి నాలుగేళ్లు తెలుగులో పునాది వేసే బడి ఒకటి కళ్లముందుంటే ఆమె వద్దనేదా? అలాంటి బడిని ఆమెకు చూపించిందెవరు? ఒకవైపు పెచ్చులూడిన గది, మూడు తరగతులకు ఒక్క గురూజీ. ఇంకోవైపు టై, బూటు, పసుపురంగు వ్యాను, నెలనెలా ఫీజు. ఆమె బీడీలు ఇంకో రెండు కట్టలు చుట్టి ఫీజు కడుతుంది. ఆ ఇంగ్లీషు బడిలో పిల్లవాడికి ఇంగ్లీషు వస్తోందా అని అడగకండి. రైమ్స్ వస్తున్నాయి. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, కన్నడం, దఖ్నీ, బడిలో కంఠతా పట్టిన ఇంగ్లీషు. తెలుగు, కన్నడాలకు 2008లో, మరాఠీకి 2024లో ప్రాచీన హోదా దక్కింది. మూడు ప్రాచీన భాషలు ఒకే గల్లీలో తిరుగుతుంటే పిల్లవాడు దేనిలోనూ నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయలేడు. ఇంత ప్రాచీన వైభవం ఏ దేశంలో ఉంది?

వేరే దేశం అన్నాను గనక కెనడా సంగతి చెప్పాలి. అంటారియో రాష్ట్రం 1912లో పదిహేడో నిబంధన అని ఒకటి తెచ్చింది: ఫ్రెంచివాళ్ల పిల్లలకు ఫ్రెంచిలో చదువు మొదటి రెండేళ్లే, ఆ తర్వాత ఇంగ్లీషు. ఒటావాలోని గీగ్ బడిలో దెలోజ్ అక్కచెల్లెళ్లు ఇద్దరు టీచర్లు, ఆ నిబంధనను లెక్కచెయ్యకుండా ఫ్రెంచిలో పాఠాలు చెప్పారు. 1916 జనవరిలో వాళ్లను బడిలోంచి పంపేయడానికి అధికారులు, పోలీసులు వస్తే, పిల్లల తల్లులు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. చేతుల్లో టోపీలకు గుచ్చుకునే పొడుగాటి సూదులు, కత్తెరలు, వంటింటి సామాన్లు. నిబంధన 1927లో నీరుగారింది. 1982లో వాళ్ల రాజ్యాంగంలో 23వ సెక్షన్ వచ్చింది, అల్పసంఖ్యాక భాషలో బడి హక్కయింది. అక్కడా తగిన సంఖ్య ఉన్నచోటనే అన్న మెలిక ఉంది. కానీ 1990లో అక్కడి సుప్రీంకోర్టు ఆల్బర్టా తల్లిదండ్రుల కేసులో, సంఖ్యను బట్టి ఆ బడుల నిర్వహణలో కూడా ఆ భాషవాళ్లకే పెత్తనం ఉండాలని తేల్చింది. అంటారియోలో 1998 నుంచి ఫ్రెంచివాళ్లకు సొంత బడి బోర్డులు పన్నెండు నడుస్తున్నాయి. ఖర్చు సర్కారుది, పెత్తనం ఆ భాషవాళ్లు ఎన్నుకున్నవాళ్లది.

కత్తెర మన అక్కలకూ ఉంది, తునికాకు కత్తిరించేది. పోరాటం కూడా వాళ్లకు కొత్త కాదు. ఎన్ని మోర్చాలు, ఎన్ని ధర్నాలు చేస్తే ఊరి పక్కన కుంభారిలో కమ్యూనిస్టు నాయకురాలు గోదావరి పరులేకర్ పేరున 10,000 ఇళ్లు లేచాయి! 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు ఇచ్చారు. ఆ తర్వాత రాయనగర్‌లో 30,000 ఇళ్ల పథకం. 2024 జనవరి 19న ప్రధాని మోదీ వచ్చి అందులో 15,000 ఇళ్లు అప్పగిస్తూ, చిన్నప్పుడు తనకూ ఇలాంటి ఇంట్లో ఉండే అవకాశం వచ్చుంటే బాగుండేదని కంటతడి పెట్టారు. ఇద్దరు ప్రధానులను రప్పించిన కార్మికులు ఒక తెలుగు టీచర్ను రప్పించలేరంటే నేను నమ్మను. ఎవరూ వాళ్ల కోరికల జాబితాలో ఆ కోరిక రాయలేదు, అంతే. యూనియన్ నాయకులారా, కూలి పెంపు, పెన్షను, పీఎఫ్ కింద ఇంకో గీత ఖాళీ ఉంది చూడండి.

రాయాల్సింది పెద్ద గ్రంథం కాదు. నాలుగో తరగతి దాకా తెలుగు మాధ్యమం, మొదటి రోజు నుంచే మరాఠీ, ఇంగ్లీషులకు విడిగా మంచి టీచర్లు. పిల్లల సంఖ్య చూసి పోస్టు కాదు, ముందు పోస్టు వేసి మూడేళ్లు ఆగి సంఖ్య చూడాలి. తెలుగులో డి.ఎడ్. చేసినవాళ్లు మహారాష్ట్రలో దొరక్కపోతే తెలంగాణలో ఎంతోమంది ఖాళీగా ఉన్నారు, రెండు ప్రభుత్వాలు ఒక కాగితం మీద సంతకం పెడితే పని జరుగుతుంది. బడి నిర్వహణ కమిటీలో సంఘాల పెద్దలు కాదు, బీడీ చుట్టే తల్లులు కూర్చోవాలి.

సోలాపూర్ రాబోయే తెలుగు మంత్రిగారికో మనవి. ఎన్నికలు మళ్లీ వస్తాయి, మీరూ వస్తారు, పూర్వ భాగ్ మీకు మళ్లీ పూలు చల్లుతుంది. మైకు పట్టుకోక ముందు నగరపాలిక విద్యామండలి కార్యాలయానికి ఒక మనిషిని పంపి, తెలుగు మాధ్యమం బడుల్లో మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఖాళీలెన్ని అడిగి తెప్పించుకోండి. ఆ మూడు అంకెలూ వేదిక మీద గట్టిగా చదవండి. ఆ తర్వాత "మన తెలుగువాళ్లు" అనండి.